సున్న పక్కన ఐదు గీతలు

ఆ గోడ మీద అన్నిటికంటే పైన ఒక సున్న ఉండేది. దాని పక్కన పెన్సిలుతో గీసిన ఐదు నిలువు గీతలు. నాలుగు గీతల సంగతి వాటిని గీసినాయన తన భార్యకి చెప్పాడు. మరి ఐదోది ఎందుకు గీసినట్టు? ఇన్నేళ్లుగా తిరగేసి మరగేసి చూసినా ఈ ప్రశ్నకి జవాబు దొరకలేదు. ఇక దొరికే దారీ లేదు. ఆ గోడకి ఆయనే స్వయంగా సున్నం కొట్టేశాడు.

బడి పెద్దది. నూరేళ్ల కిందట ఆంగ్లికన్ సంఘానికి చెందిన ఒక తెల్ల పాదిరీ, ఖాళీగా పడి ఉన్న గుర్రాల కొట్టంలో ఏడుగురు మగపిల్లల్ని కూచోబెట్టి మొదలుపెట్టాడు. పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకోవాలి. గుర్రాల కొట్టం పోయి రాతి భవనం వచ్చింది, దాని పక్కన ప్రార్థనలకి చాపెల్ లేచింది. చాపెల్‌లోకి పదకొండు పెట్టెల్లో ఓడ మీద ఆర్గన్ అనే గొట్టాల వాద్యం దిగింది. అందులో అన్నిటికంటే పొడుగు గొట్టాన్ని చూసి పిల్లలు ఫిరంగి అనుకుని రెండు రోజులు ఆ చాయలకి పోలేదట. పిల్లల పేర్లు నోరు తిరక్క దొరలు ఒక్కొక్కరికీ ఒక అంకె ఇచ్చారు. చొక్కా కాలరు మీద, కంచం అడుగున, మంచం కోడు మీద, అంతటా ఆ అంకే. దొరలు వెళ్లిపోయారు గానీ అంకెలు ఉండిపోయాయి.

ఆర్గన్ వాయించడానికి ఒక మనిషి ఉంటే చాలదు. దాని వెనక గదిలో పెద్ద తోలు తిత్తులుంటాయి. ఒక పొడుగాటి కర్రని పైకీ కిందికీ ఆడిస్తూ వాటిల్లోకి గాలి కొడుతూ ఉండాలి. గాలి ఆగితే ఆర్గన్ నోరు పడిపోతుంది. ఆ పని చేసేవాడు చనిపోతే, బడివాళ్లు కమ్మరి కొలిమికి వెళ్లి, తిత్తి ఊదడం తెలిసిన పందొమ్మిదేళ్ల కుర్రాణ్ని తీసుకొచ్చారు. కొలిమి అతని మేనమామది.

"అక్కడైతే నిప్పు రాజుకుంటుంది. ఇక్కడ ఏం రాజుకుంటుందిరా?" అన్నాడు మేనమామ.

"పాట రాజుకుంటుందట మామయ్యా."

"పాటకి గాలి కొట్టే ఉద్యోగమా! గాలి తిరుగుళ్లు తిరిగేవాణ్ని చూశాను, గాలి కబుర్లు చెప్పేవాణ్ని చూశాను. గాలి ఉద్యోగం చేసేవాణ్ని నిన్నే చూడ్డం."

మొదటి ఆదివారమే కొంప మునిగింది. కొలిమిలో అలవాటైన ఊపుతో దబదబా కొట్టాడు. అవతల ఆర్గన్ జ్వరమొచ్చినట్టు వణికింది. పాడుతున్నవాళ్లు పాట మింగేసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అతను ఆ ఇరుకు గదిలో గోడకి తల ఆనించి ఏడ్చాడు. ఆర్గన్ వాయించే టీచరమ్మ అప్పటికి కొత్తగా పెళ్లైన మనిషి. ఆవిడ వెనక్కి వచ్చి కోప్పడలేదు. తిత్తుల్లో గాలి ఎంతుందో చెప్పే, దారానికి వేలాడుతున్న సీసం గుండు చూపించింది.

"ఇదిగో, పలక మీద రెండు గీతలున్నాయి కదా. గుండు ఈ రెంటి మధ్యే ఉండాలి. ఎగరకూడదు, జారకూడదు. బలం కాదు నాయనా, ఒడుపు. నేను మడమతో రెండుసార్లు తడితే మొదలుపెట్టు, ఒకసారి తడితే ఆపు."

ఆవిడ వెళ్లాక అతను జేబులోంచి పెన్సిలు ముక్క తీసి, గోడ మీద ఒక సున్న చుట్టి పక్కన ఒక గీత గీశాడు. పిల్లలందరికీ అంకెలున్నాయి, తనకి లేదు. అందుకని సున్న.

మొదట్లో పిల్లలు అతన్ని గాలన్న అన్నారు. పెళ్లై, కాస్త పొట్ట వచ్చాక గాలి మామయ్య అన్నారు. జుట్టు నెరిశాక గాలి తాత అయ్యాడు. మనిషి అదే, గాలి అదే, వరసలే మారుతూ వచ్చాయి. బడి కుట్టుగదిలో బట్టలకి అంకెలు కుట్టే అమ్మాయినే చేసుకున్నాడు. ఆమె అన్నదమ్ములు మాత్రం ఆఖరిదాకా "మా బావగారు గాల్లో మేడ కట్టలేదు గానీ, గాలితోనే సంసారం కట్టాడు" అని నవ్వేవాళ్లు. ఆయనా వాళ్లతో పాటు నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

అతను చేరిన మూడో ఏడు, ఒక మధ్యాహ్నం టీచరమ్మ సాధన చేసుకుంటుంటే గది తలుపు కొద్దిగా తెరుచుకుంది. కాలరు మీద నూట అరవై మూడు. ఎనిమిదేళ్లుంటాయి. బడికి వచ్చి నాలుగు రోజులైంది.

"ఏం బాబూ?"

"నేనేం ఏడవడం లేదు."

"నేనేమన్నాను?"

"కంట్లో దుమ్ము పడింది."

"ఈ గదిలో దుమ్ముకేం తక్కువ లేదులే. రా, ఈ కర్ర పట్టుకో."

కుర్రాడు రెండు చేతులతో కర్రకి వేలాడాడు. వెక్కిళ్లకి కర్ర ఎగిరింది, గుండు గంతులేసింది, అవతల పాట తడబడింది.

"చూశావా? ఏడుస్తూ కొడితే గుండు నిలబడదు. నువ్వు ఏడ్చింది అక్కడ టీచరమ్మ వేళ్ల కింద బయటపడుతుంది. ముందు ఆ మూల కూచుని ఎంత కావాలో అంత ఏడు. ఆర్గన్ మోతలో ఎవరికీ వినపడదు. అయ్యాక లే, కర్ర పట్టు. గుండు నిలబడితే నువ్వు నిలబడ్డట్టే."

"ఎవరికైనా చెప్తావా?"

"ఇక్కడి ఏడుపు ఇక్కడే. గడప దాటదు."

అంత జాగ్రత్త దేనికంటే, ఆ బడిలో ఏడుస్తూ దొరికిపోయినవాడి బతుకు బతుకు కాదు. అంతకు ముందు ఏడు ఒకడు పడకహాల్లో దొరికాడు. వాడికి కుళాయి అని పేరు పెట్టారు. బడి వదిలిపెట్టేదాకా కుళాయే. పెద్దయ్యాక మీసాలతో, యూనిఫారంతో, భార్యని వెంటబెట్టుకుని బడి చూడ్డానికి వస్తే, పాత స్నేహితుడొకడు మెట్ల మీంచి "ఒరే కుళాయీ, ఇంకా కారుతున్నావా!" అని కేకేశాడు. ఆ మనిషి నవ్వాడు. ఆ నవ్వు గాలన్న చూశాడు.

నూట అరవై మూడు వెళ్లాక గోడ మీద ఆ అంకె, ఆ ఏడు రాసి, ఒక గీత గీశాడు. ఎందుకు గీశాడంటే, పిల్లవాడు మళ్లీ వస్తే ఇది ఎన్నోసారో తెలియాలి గదా. గీతలు దగ్గర దగ్గరగా పడుతుంటే కుట్టుగదిలో భార్యకి చెప్పేవాడు, ఫలానా అంకె వాడి బొత్తాలు కాస్త నెమ్మదిగా కుట్టు, నాలుగు మాటలు మాట్లాడు అని. ఎందుకని ఆమె అడిగేది కాదు. నూట అరవై మూడుకి ముప్పై ఒక్క గీతలు పడ్డాయి. ఆ తర్వాత రావడం మానేశాడు. మానెయ్యడమే కావలసింది.

అలా నలభై ఒక్క ఏళ్లు. గోడ నిండిపోయింది. తాము కాక ఇంకొకరు కూడా ఆ గదికి వస్తారని ఏ పిల్లవాడికీ తెలియదు. చీకటి మూల గోడ, దాని మీద సన్నటి పెన్సిలు రాత, ఎవరు చూస్తారు? సున్న పక్కన రెండో గీత, గాలన్న వాళ్లమ్మ పోయిందని కబురు వచ్చినప్పటిది. బిషప్పుగారి ప్రార్థన మధ్యలో వచ్చింది కబురు. పాట అయ్యేదాకా గుండు కదలకుండా కొట్టి, అప్పుడు ఆ మూల కూచున్నాడు. మూడోది, జ్వరంతో బడి ఆస్పత్రిలో పోయిన ఎనభై ఎనిమిదో అంకె పిల్లవాడిది. నాలుగోది, కూతుర్ని అత్తవారింటికి పంపిన మర్నాటిది.

"నా ఎదుట రాయిలా నిలబడి, అక్కడికెళ్లి ఏడ్చావా?" అంది భార్య.

"నీ ఎదుట ఏడిస్తే ఇద్దరం ఏడవాలి. అక్కడైతే ఒక్కణ్నే గదా, తొందరగా అయిపోయింది."

బడికి నూరేళ్లు నిండుతున్నాయని చరిత్ర రాయించడం మొదలుపెట్టారు. రాసే పని చరిత్ర మేష్టారికి అప్పజెప్పారు. మంచివాడే, కాకపోతే పాత కాగితం కనపడితే ఒళ్లు తెలియదు. ఆ ఏడే ఆర్గన్‌కి కరెంటు మోటారు పెట్టాలని తీర్మానించారు. వచ్చే సోమవారం బిగింపు. ఆదివారంతో గాలన్న పని సరి. శుక్రవారం పొద్దున కొలతలకి వచ్చినవాళ్లు లోపలికి బల్బు లాగారు. ఆ వెలుతురులో మేష్టారి కళ్లు గోడ మీద పడ్డాయి.

"తాతా! ఏమిటివన్నీ?"

"పిల్లలండీ."

"ఏ పిల్లలు?"

"వచ్చేవాళ్లండి అప్పుడప్పుడూ. గాలికి."

"గాలి కొట్టడానికి సాయం వచ్చేవాళ్లా! ఇన్ని వందలమందా! ఈ మాట ఏ రికార్డులోనూ లేదే!" మేష్టారు గంతులేసినంత పని చేశాడు. "రిజిస్టరు తీస్తే ఏ ఏడు ఏ అంకె ఎవరిదో ఇట్టే తెలుస్తుంది. అందరికీ ఉత్తరాలు రాస్తాను, ఈ గదిలో ఏం చేశారో నాలుగు ముక్కలు రాయమని. సోమవారం పొద్దున్నే, మోటారు దిగేలోపు ఫొటో తీయిస్తాను. మీ గోడకి ఒక పేజీ తాతా, నిండు పేజీ! పక్కనే మీ ఫొటో!"

అంతటితో ఆగకుండా హెడ్మాస్టరుగారిని లాక్కొచ్చాడు. హెడ్మాస్టరుగారు ఈ బడిలోనే చదువుకున్న మనిషి. ఆ కుర్చీలో కూచుని తొమ్మిదేళ్లైంది. ఈ తొమ్మిదేళ్లలో గాలన్నని ఏ వరసా పెట్టి పిలవలేదు, "ఏమండీ" అంటే "ఏమండీ" అంతే.

"ఇదిగో సార్, నూట అరవై మూడు! మీ అంకే గదా? అందరికంటే మీరే ఎక్కువ సాయం చేశారు సార్, ముప్పై ఒక్కసార్లు!"

హెడ్మాస్టరుగారు గోడని చూశారు. ఆ కింద, మొన్న మొన్న చేరిన పిల్లల అంకెల్నీ చూశారు. 

"గోడ ఆయనది మేష్టారూ," అన్నారు చివరికి. "ఏం చెయ్యాలన్నా ఆయన్ని అడగండి." గాలన్న వైపు చూడకుండా తల వంచి తలుపు దాటారు.

ఇంటికొచ్చి చెబితే భార్య మొహం వెలిగిపోయింది. "నిండు పేజీయా! మా అన్నదమ్ములకి చెరొక పుస్తకం నేనే పంపిస్తాను. మనవడు చదివి చెబుతాడు, ఇదిగో మా తాత అని."

ఆయన కంచం ముందు కూచుని రొట్టె తుంచుతూ ఉండిపోయాడు, నోట్లో పెట్టుకోలేదు. ఆ పేజీ ఆయనకి అక్కర్లేదా? అక్కరే. నలభై ఒక్క ఏళ్లుగా ఆర్గన్ గురించి ఎవరేం రాసినా, ఎన్ని గొట్టాలు, ఏ దొర తెప్పించాడు అన్నదే రాశారు. దానికి ఊపిరి ఎక్కణ్నించి వచ్చిందో ఒక్కడూ రాయలేదు. కానీ మేష్టారి ఉత్తరం అందుకున్న ప్రతివాడికీ తెలిసిపోతుంది, గాలి తాత గడప దాటించాడని. ఈ ఏడు చేరినవాళ్లైతే ఇంకా పడకహాల్లోనే ఉన్నారు. ఎంతమంది కుళాయిలు!

శనివారం మధ్యాహ్నం బడి అంతా ఆట చూడ్డానికి మైదానానికి పోయింది. ఆయన తోటమాలి దగ్గర బకెట్టు, కుంచె, కాస్త సున్నం అడిగి పట్టుకెళ్లాడు. కింద నుంచి పైకి కొట్టుకుంటూ వచ్చాడు, కొత్త పిల్లల్ని ముందు దాచి. అన్నిటికంటే చివర సున్నకి సున్నం పెట్టాడు. ఒక పూతకి పోలేదు. ఆరనిచ్చి రెండోది వేశాడు.

సాయంత్రం మేష్టారు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. "నూరేళ్ల చరిత్రకి సున్నం కొట్టావయ్యా తాతా! ఎవరు కొట్టమన్నారు?"

"మోటారు కొత్తది గదండీ. గోడ పాతగా ఉంటే బాగుండదని."

ఇంట్లో భార్య ఆయన చెవి మీద ఆరిన సున్నం మరక చూసింది. ఏం జరిగిందో అడగక్కర్లేకపోయింది.

"పోయిందన్నమాట పేజీ."

"పోయింది."

"అన్నీ చెరిపేశావా? నీవి కూడా?"

"నావీ. ఐదూ."

"ఐదా? నాలుగే గదా నాకు చెప్పింది?"

"ఐదోది చెయ్యి జారి పడింది," అన్నాడు.

ఆమె చీర కొంగు తడిపి చెవి తుడిచింది. ఆ మరక పోవడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక వీడ్కోలు సభ. చాపెల్ ముందు కుర్చీలు వేశారు, ఆయనకి ఇవ్వడానికి గోడగడియారం కొని కాగితం చుట్టి ఉంచారు. భార్య ట్రంకు పెట్టెతో, రెండు మూటలతో వెనక గేటు దగ్గర బండి ఆపించుకుని కూచుంది. కూతురింటికి ప్రయాణం. సభ అయ్యాకే బయల్దేరాలని మాట.

ఆఖరి పాట. టీచరమ్మ మడమతో రెండుసార్లు తట్టింది. ఆవిడకీ జుట్టు తెల్లబడింది, తట్టడం మాత్రం మారలేదు. ఆయన కర్ర అందుకున్నాడు. గుండు రెండు గీతల మధ్యకి దిగి నిలబడింది.

మూడో చరణంలో తలుపు తెరుచుకుంది. నల్ల కోటు, ప్రార్థన పుస్తకం. హెడ్మాస్టరుగారు ముందు వరసలోంచి లేచి వచ్చేశారు. తెల్లటి గోడ చూశారు. పుస్తకం కిటికీలో పెట్టారు, కోటు విప్పి మేకుకి తగిలించారు. పక్కకి వచ్చి నిలబడి, కర్ర మీద ఆయన చేతుల పక్కనే తన చేతులు వేశారు.

"కాస్త జరుగు, గాలన్నా."

ముప్పై ఏళ్లుగా ఆ వరస ఎవరూ వాడలేదు. రెండు ఊపులు ఇద్దరూ కలిసి కొట్టారు. మూడో ఊపుకి ఆయన చేతులు తీసేశాడు. గుండు ఒక్కసారి తొణికింది, మళ్లీ సర్దుకుంది. ప్రార్థన వేళ గాలి కొట్టేవాడితో మాట్లాడకూడదు, ఊపు చెడుతుంది. నలభై ఒక్క ఏళ్ల కిందట పెట్టుకున్న నియమం అది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, వెనక తలుపు చప్పుడు కాకుండా తెరిచి, పెరట్లోకి దిగాడు.

"అప్పుడే అయిపోయిందా సభ?" అంది భార్య. "గడియారం ఏది? అందరికీ చెప్పొచ్చావా?"

"చేతులు ఖాళీ లేవు."

"ఎవరికి? నీకా, వాళ్లకా?"

ఆయన బండి కమ్మీ మీద ఒక చెయ్యి వేసి నిలబడ్డాడు, ఎక్కలేదు. చాపెల్‌లోంచి నాలుగో చరణం వస్తోంది. ఉన్నట్టుండి ఆర్గన్ వణికింది. కొత్తగా నేర్చుకున్నవాడు కొడుతున్నట్టు, వెక్కినట్టు, రెండు మూడు చోట్ల స్వరం తొణికింది. బండివాడు కూడా తల తిప్పి చూశాడు.

"ఎక్కరాదూ?" అంది భార్య.

"ఆగు."

స్వరం సన్నగా సాగి, కాసేపు ఊగి, నిలబడింది. పాట నిండుగా, తొణక్కుండా వస్తోంది. అప్పుడాయన బండెక్కి, పోనిమ్మన్నాడు.