కుట్టు క్లాసులో చెల్లె చోటు

మా చెల్లెంటే నాకు అసూయ. ఇద్దరి తలలూ నెరిశాయి, ఇద్దరికీ మనవళ్లున్నారు, నా ఇంట్లో చేపల పులుసు వండితే దాని ఇంటికి గిన్నె పోవాల్సిందే. అయినా ఉంది. అది ఏ ఎండాకాలంలో మొదలైందో కూడా నాకు బాగా గుర్తు.

అప్పుడు మేము బోధన్‌లో ఉండేవాళ్లం. బాపు షక్కర్ ఫ్యాక్టరీలో సీజను కూలీ. చెరుకు ఆడటం ఆగిపోయిందంటే మళ్లీ బండ్లు వరస కట్టేదాకా ఆయనకు పని లేదు. ఆ నెలలన్నీ ఇల్లు బీడీల మీదే నడిచేది. మేము అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ తునికాకు కత్తిరించి ఇచ్చి తనూ చుట్టేది, నేను ఒళ్లో చాట పెట్టుకుని తంబాకు నింపి చుట్టేదాన్ని.

ఆ ఏడు చర్చి ఉన్న మిషన్ కాంపౌండులో పిల్లలకు ఎండాకాలం క్లాసులు పెట్టారు. పాటలు, కథలు, కుట్టుపని. మీది ఏ మతమని అడగలేదు, ఫీజూ లేదు. చర్చికి వచ్చే ఆడవాళ్లు అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం విడిగా తీసి పెట్టి ఆదివారం తెచ్చి ఇచ్చేవాళ్లు. మమ్మల్నీ అట్లాగే వారానికో పిడికెడు తెమ్మన్నారు. గల్లీ పిల్లలంతా తయారయ్యారు. నేను కూడా రెండు జడలు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

అవ్వ మా ఇద్దరినీ చూసి చెల్లెను ముందుకు తోసింది. “ఇది పోనీ. దీనికి చెయ్యి తిరుగుతలేదు, ఆకంత ఖరాబు చేస్తున్నది. నువ్వు పోతే బీడీలెవరు చెయ్యాలె బిడ్డా?”

అదీ మా ఇంటి న్యాయం. చెల్లె చుట్టిన బీడీకి ఒక పక్క బొజ్జ, ఇంకో పక్క బొక్క. బీడీ కార్ఖానాలో మంచివీ చెడ్డవీ ఏరేవాడు వాటిని వేళ్లతో నలిపి పారేసేవాడు. నా బీడీలను అవ్వ బీడీల్లో కలిపితే ఎవరివేవో అవ్వకే తెలిసేది కాదు. పని వచ్చినందుకు నాకు చాట, రానందుకు దానికి పాటలు.

రోజూ మధ్యాహ్నం అది ఎండలో గంతులేస్తూ వచ్చేది. “అక్కా, ఇయ్యాల మాకు బెల్లం పానకం పోసిండ్రు. అక్కా, టీచరమ్మ నా పక్కనే కూసున్నది.” గొప్పలు పోయినా బాగుండేది, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అది నిజంగా నాకు సంతోషం కలుగుతుందనుకునే చెప్పేది. నేను తల ఎత్తకుండా వినేదాన్ని, ఒక్క ముక్క కూడా వదలకుండా వినేదాన్ని.

ఒకరోజు ఒక తెల్ల రుమాలు తెచ్చింది. మూలన పెన్సిలుతో గీసిన పువ్వు, దాని మీద ఎర్ర దారం చిక్కుపడి ఉంది. “నాకొస్తలేదక్కా. రేపు అందరివి సూస్తరట” అని ఏడుపు మొహం పెట్టింది. అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోగానే నేను ఆ చిక్కంతా విప్పి మొదటి నుంచి కుట్టాను. దాని మీద ప్రేమతో కాదు. నేను పోలేని చోటికి నా చెయ్యైనా పోతుంది కదా అని. ఆ తర్వాత అది ప్రతిరోజూ రుమాలు తెచ్చేది, అవ్వ గడప దాటగానే నేను సూది పట్టేదాన్ని. పువ్వుకు ఆకులొచ్చాయి, తీగ పాకింది.

టీచరమ్మ ఆ రుమాలును వరండాలో తాడు మీద అందరికీ కనబడేట్టు వేలాడదీసిందట. చెల్లె వచ్చి చెప్పింది. నేను కుట్టిన పువ్వును చూసి చెల్లెను మెచ్చుకున్నారు.

మర్నాటికే సంగతి బయటపడింది. బీడీ దారానికి మేము ముడి వెయ్యం, చుట్టు తిప్పి కొసను గోటితో లోపలికి దోపుతాం. సూదిపనిలో చివర ముడి వెయ్యాలని నాకెవరు చెప్పారు? ప్రతి కొసనూ అట్లాగే దోపాను. టీచరమ్మ రుమాలు తిరగేసి చూసింది. ఆమె ఊరు కోటగిరి, వాళ్ల ఇంట్లోనూ బీడీలు చేసేవాళ్లు. “మీ ఇంట్ల బీడీలు మంచిగ చేసేదెవరే?” అని అడిగింది. చెల్లె దాచలేదు. “మా అక్క” అన్నది.

ఆ సాయంత్రమే టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. అవ్వ గోనెపట్టా దులిపి పరిచింది.

“గీ పిల్లను గూడ పంపవమ్మా. మంచి చెయ్యి” అన్నది టీచరమ్మ.

ఆ మాట వినగానే నాకు ఒళ్లు తెలియలేదు. నా చెయ్యి ఎంత మంచిదో ఆమెకు ఇంకా చూపించాలనిపించింది. ఎన్నడూ లేనంత వేగంగా చుట్టడం మొదలుపెట్టాను. ఆమె నోరు తెరుచుకుని చూసింది. అవ్వ కూడా నా వేళ్లనే చూసింది.

“మీరే సూస్తున్నరు గద టీచరమ్మా” అన్నది అవ్వ, మెల్లగా. “గీ చెయ్యి లేకుంటే మా ఇల్లెట్ల నడుస్తది?”

నా వేళ్లు విరగ్గొట్టుకుందామన్నంత కోపం వచ్చింది. అప్పుడు చెల్లె అవ్వ కొంగు పట్టుకుంది. “రేపు ఆఖరు దినమే గదవ్వా. అక్క పోతది. నేను చాట పట్టుకుంట.” టీచరమ్మ ముందు కాదనలేక అవ్వ సరేనన్నది.

మర్నాడు పిడికెడు బియ్యం గుడ్డలో మూట కట్టుకుని పోయాను. చాప మీద చెల్లె కూర్చునే చోటే నన్ను కూర్చోబెట్టారు. టీచరమ్మ ముడి వెయ్యడం చూపించింది, ఒక్కసారికే వచ్చేసింది. కానీ పక్క పిల్లలెవరూ నా సూది వైపు చూడలేదు. “మీ చెల్లె రాలేదా? ఎందుకు రాలేదు?” ఇదే అడిగారు. కార్ఖానాలో బీడీలు ఏరేవాడు ముక్కు ఎగబీల్చడం చెల్లె చేసి చూపిస్తే పడీపడీ నవ్వేవాళ్లట. పాటలో దాని వంతు రాగానే అందరూ ఆగి నా మొహం చూశారు. నాకు పాట రాదు. పానకం పోసేటప్పుడు ఒకమ్మాయి చెల్లె గ్లాసు తీసి పక్కన పెట్టింది, ఎవరూ తాగకుండా. నేను కుట్టి పంపిన పువ్వు వాళ్లకు ఉన్నా లేకున్నా ఒకటే. వాళ్లకు కావలసింది చెల్లె.

ఇల్లే నయం అనుకుంటూ వచ్చాను. గల్లీ మలుపులోనే నవ్వులు వినబడ్డాయి. ఎవరో చుట్టాలొచ్చారనుకున్నాను. చూస్తే అవ్వ. చెల్లె చుట్టిన బీడీని పైకెత్తి పట్టుకుని, “ఇది బీడీ గాదే, చెరుకుగడ” అంటూ కళ్లలో నీళ్లొచ్చేట్టు నవ్వుతోంది. బాపు గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. చుట్టూ ఖరాబైన ఆకు కుప్ప. ఒక్క తిట్టు లేదు.

నన్ను చూడగానే అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “వచ్చినవా బిడ్డా? దా, ఇగ పని తెములుతది” అని చాటను నా వైపు జరిపింది.

కూర్చుని చాట ఒళ్లోకి తీసుకున్నాను. అన్నేళ్లు నేను అంత చక్కగా చుట్టాను, నా బీడీ చూసి అవ్వ ఒక్కనాడూ నవ్వలేదు.