గూస్ పీస్ ఎవడబ్బ సొమ్ము

గ్లెండా ఆగ్డెన్ ముప్పై ఏళ్లు క్రాగ్‌షా బడిలో వంటమనిషిగా చేసింది. మా ఊళ్లో నలభైల్లో ఉన్న ప్రతివాడూ ఆమె చేతి కస్టర్డ్ తిన్నవాడే, ఆమె గరిటె చూపిస్తే నోరు మూసుకున్నవాడే. ఉద్యోగం అయిపోయాక భర్త పోయాడు, మోకాళ్లు పోయాయి. నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

నేను ఊరి గ్రంథాలయంలో పనిచేసేదాన్ని. అంచేత ఈ సంగతిలో చాలా భాగం నా కళ్లముందే జరిగింది.

మూతబడ్డ నూలు మిల్లు వెనక నాలుగెకరాల పచ్చిక ఉంది. దాన్ని గూస్ పీస్ అంటారు, వెనకటికి పేదసాదల బాతులు మేసిన చోటు. ఇప్పుడు పిల్లలు బంతాడతారు, ముసలివాళ్లు కుక్కల్ని తిప్పుతారు. గేటు పక్క రాతికి ఇత్తడి పలక ఉండేది: 'క్రాగ్‌షా ప్రజలకు విట్‌బర్న్ వంశీకుల కానుక, 1921'. విట్‌బర్న్‌లు మా జమీందార్లు. 2011 మార్చిలో వాళ్ల ఎస్టేటు ఆ పచ్చికలో ముప్పై నాలుగు ఇళ్లు కడతామని కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టింది.

ఊరి హాల్లో సభ జరిగింది. ఎస్టేటు మేనేజరు ఫెన్విక్ మర్యాదస్తుడు, మాట వెన్నలా ఉంటుంది. ఆ నేలను వాడుకోనిచ్చారే తప్ప ఎవరికీ రాసివ్వలేదనీ, తొంభై ఏళ్లు ఊరివాళ్లు హాయిగా అనుభవించినందుకు కుటుంబం సంతోషిస్తోందనీ చెప్పాడు. జమీందారు మనుషుల ముందు మా తలలు వాటంతటవే వంగుతాయి, అది తాతల నుంచి వచ్చిన మెడనొప్పి. గ్లెండా మాత్రం ముందున్న కుర్చీ పట్టుకుని లేచింది.

"వాళ్లు మాకిచ్చారు, సరే. వాళ్లకెవరిచ్చారు?"

వెనక వరసల్లో నవ్వారు. ఫెన్విక్ కూడా నవ్వి, "అది చరిత్రకారులు తేల్చాల్సిన విషయమమ్మా" అన్నాడు.

"అయితే వాళ్లకి శ్రమెందుకు? నేనే తేలుస్తా" అంది.

మంగళవారం పొద్దున నేను గ్రంథాలయం తలుపు తీసేసరికి గుమ్మంలో ఉంది. అప్పటిదాకా కంప్యూటర్ ముట్టిన మనిషి కాదు. మౌసుని రొట్టెపిండిలా అదిమేది. పాత పత్రికలు, జనాభా లెక్కల కాగితాలు, చర్చిల్లో రాసిన పెళ్లిళ్లూ చావులూ, జిల్లా దస్తావేజుల జాబితా, అన్నీ ఇప్పుడు తెరమీదే చూడొచ్చని చెబితే మొదట నమ్మలేదు. మొదటి వారం దొరికిందల్లా వాళ్ల తాత గుట్టు. పెళ్లినాడు నాలుగేళ్లు తగ్గించి రాయించుకున్నాడట. దానికి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

మనిషికి గంటసేపే కంప్యూటర్ ఇచ్చేవాళ్లం. గంట కాగానే లేచి పత్రికల బల్ల దగ్గర కూచునేది, కుర్చీ ఖాళీ అవగానే మళ్లీ వచ్చేది. ఆరు వారాలు గడిచాయి. 1921లో కానుక ఇచ్చిన నాటి వార్త దొరికింది, బ్యాండు మేళంతో సహా. అంతకుముందు గూస్ పీస్ ఊసే లేదు. ఇక వదిలెయ్యమని నేనే అన్నాను. ఆ రోజుల్లో పేదవాళ్ల సంగతి ఎవరు రాసిపెట్టారు గనక అన్నాను.

"కాగితం లేకుండా జమీందారు గడ్డిపరక కూడా పీకడు పిల్లా. ఎక్కడో ఉంటుంది" అంది.

మే నెలలో ఒకరోజు 1780ల నాటి పత్రిక చదువుతూ నన్ను పిలిచింది. ఇల్లు అన్న మాట 'హౌస్' బదులు 'హౌఫ్' అని అచ్చయినట్టుంది, వీళ్లకి నాలుక మందమా అని అడిగింది. అప్పటి అచ్చులో మాట మధ్య వచ్చే 'ఎస్' అక్షరం 'ఎఫ్'లాగే ఉండేదనీ, ఆ పాత అచ్చును చదివి వెతికిపెట్టే కంప్యూటర్ కూడా దాన్ని 'ఎఫ్' అనే చదువుకుంటుందనీ చెప్పాను. ఆమె వెతుకులాట గడిలో ఉన్న పాత మాట చెరిపేసింది. తరవాత ఒక్క వేలితో, మెల్లగా, 'గూఫ్ పీస్' అని కొట్టింది.

1789 అక్టోబరు పత్రిక తెరుచుకుంది. ఊరుమ్మడి బీళ్లకు కంచెలు వేసి పంచిపెట్టిన అధికారుల ప్రకటన అది. పెద్ద చెక్కలన్నీ విట్‌బర్న్‌కే. చివర రెండు వరుసల్లో, గూస్ పీస్ అనే నాలుగెకరాలు క్రాగ్‌షా పేదలకు శాశ్వతంగా విడిచిపెట్టినట్టు ఉంది. గ్లెండా మూడుసార్లు చదివింది. 'పేదలకు' అన్న మాటను వేలితో తెరమీద తట్టింది, అంతే.

పత్రికలో ప్రకటన ఒక్కటే చాలదు. జిల్లా దస్తావేజుల జాబితాలో అసలు పంపకం పత్రం నంబరు వెతికి పట్టుకున్నాం. ఉత్తరం రాస్తే పటంతో సహా ముద్ర వేసిన నకలు వచ్చింది. ఈలోగా ఇంకోటి దొరికింది. 1837లో విట్‌బర్న్‌లు గూస్ పీస్ చుట్టూ కంచె వేస్తే, హన్నా గ్రీన్‌హాల్ అనే నేతగత్తె దాన్ని పీకి పారేసి నెలరోజులు జైలుకెళ్లింది. అంటే పేదల నేల కాజేసి, ఎనభై ఏళ్ల తరవాత అదే నేలను కానుక అని మేళతాళాలతో తిరిగిచ్చారన్న మాట. హన్నా నీ పూర్వీకురాలా అని ఎవరో అడిగారు.

"వెతికాను. నాకేమీ కాదు" అంది గ్లెండా. "అయితేనేం, నాకోసం జైల్లో కూచుంది."

నవంబరులో కౌన్సిల్ విచారణ. ఎస్టేటు వకీలు అరగంట మాట్లాడాడు. గ్లెండాకి మూడు నిమిషాలిచ్చారు. పత్రం సగం చదివేసరికి అధ్యక్షుడు గడియారం చూపించాడు.

"రెండొందల ఇరవై రెండేళ్లు మేం ఆగాం. మీరు రెండు నిమిషాలు ఆగలేరా?" అని కళ్లద్దాలు సర్దుకుని చివరిదాకా చదివింది.

ఇళ్లకు అనుమతి రాలేదు. కోర్టుకెక్కుతామన్న ఎస్టేటు, తన వకీళ్లు నకలు చూశాక ఆ మాట వదిలేసింది. మరుసటేడు పచ్చిక ఊరి పేరున నమోదైంది.

నమోదైన మర్నాడే గ్లెండా స్క్రూడ్రైవరు పట్టుకెళ్లి ఇత్తడి పలక ఊడదీసింది. బస్సెక్కి వెళ్లి ఎస్టేటు ఆఫీసు బల్లమీద పెట్టి, మీ వస్తువు మీ దగ్గరే ఉంచుకోండని చెప్పి వచ్చింది. రెండు రోజులకి ఆ పలక సంగతి మీద పోలీసు వచ్చాడు. తప్పు ఒప్పుకుని సంతకం పెడితే మందలింపుతో పోతుందన్నాడు. ఆమె అతనికి టీ ఇచ్చింది, సంతకం ఇవ్వలేదు.

"అబద్ధాన్ని రాతిమీంచి దింపడం తప్పయితే నన్ను కోర్టుకే తీసుకెళ్లు నాయనా. అక్కడ ఆ పత్రం మళ్లీ చదువుతాను."

ఆ కేసు ముందుకి సాగలేదు. ఎస్టేటే వద్దందని తరవాత విన్నాం.

ఆ చలికాలం కౌన్సిల్ మా గ్రంథాలయాన్ని వారానికి రెండు రోజులకు కుదించాలని చూసింది. కంప్యూటర్లు ఎవరూ వాడడం లేదట. గ్లెండా అరవై మందిని వెంటేసుకుని ఆ సభకు వెళ్లింది. నలుగురైదుగురు సభ్యులు ఆమెను చూడగానే కాగితాలు సర్దుకోవడం నేను చూశాను. చివరికి నాలుగు రోజులకు ఒప్పుకున్నారు. ఐదో రోజు పోయింది, అదొక్కటీ ఆమె ఇప్పటికీ క్షమించలేదు. ప్రతి నెలా మొదటి తారీఖున దాని గురించి కౌన్సిల్‌కి ఉత్తరం వెళుతూనే ఉంటుంది.