కార్కసోన్ కోటకు ప్రదక్షిణం

తేదీల విషయంలో మా ఇంట్లో నాతో ఎవరూ వాదించరు. అందుకే నా మోకాళ్ళ ఆపరేషన్‌కు ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన తేదీని మా అమ్మాయి నాకు చెప్పకుండా దాచింది. చెబితే ఆ రోజుకు ఏదో ఒక తిథి అడ్డం పెడతానని ఆమె అనుమానం. అనుమానం సబబే. ఆమె ఫోన్‌లో మాట్లాడుతుండగా విని, పంచాంగం తిరగేసి, అది అమావాస్య ముందురోజని తేల్చి పెట్టాను. దాంతో ఇంకో తేదీ అడిగారు. ఆ వచ్చిన తేదీ వంక పెట్టడానికి వీల్లేనంత మంచిరోజు.

ఇది 2024 నాటి సంగతి. అబూ ధాబీలో ముసఫ్ఫా దగ్గర మా ఫ్లాటు. అల్లుడు ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు, అమ్మాయిది బ్యాంకులో ఉద్యోగం. వాళ్ళిద్దరూ పనికి వెళ్తే ఇంట్లో మిగిలేది ఇద్దరు ముసలమ్మలం: నేను, మా వియ్యపురాలు. నాది కాకినాడ, ఆవిడది కరీంనగర్. నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. ఆవిడ ఏ లెక్కా పెట్టుకోకుండానే డెబ్భై దాటింది. చారులో ఇంగువ దగ్గర్నుంచి టీవీ రిమోటు దాకా మా ఇద్దరికీ ఏ విషయంలోనూ పొసగదు గానీ, ఒకరు లేకపోతే ఇంకొకరికి అన్నం సహించదు.

డాక్టరు రెండు మోకాళ్ళూ మార్చాలన్నాడు. నేను ఒక్కటీ ఇవ్వనన్నాను. ఈ తగువు నడుస్తుండగానే ఈద్ సెలవులు వచ్చాయి. అల్లుడికి కోటలంటే పిచ్చి. అల్ ఐన్‌లో ఉన్న మట్టికోటలన్నీ చూపించేశాడు. ప్రతి కోటలోనూ నేను నీడ వెతుక్కుని కూర్చున్నాను. ఇక ఫ్రాన్స్ దక్షిణాన కార్కసోన్ అనే పాత కోటఊరు చూడాల్సిందేనని టిక్కెట్లు తీశాడు. అమ్మాయి ఆ సందు దొరకబుచ్చుకుంది. భోజనాల దగ్గర నాకో షరతు పెట్టింది.

“కోట చుట్టూ ఒక్కసారి నడువమ్మా. ఎక్కడా కూర్చోకూడదు, ఎవరి చెయ్యీ పట్టుకోకూడదు. నడిస్తే ఆపరేషన్ మాటే ఎత్తను. మధ్యలో కూర్చున్నావా, ఖలాస్, రాగానే ఆస్పత్రిలో చేరుతున్నావు.”

ఒప్పుకున్నాను. వాళ్ళు ఆఫీసులకు వెళ్ళాక లిఫ్టు దగ్గర్నుంచి మెట్లదాకా వరండాలో రోజూ పచార్లు చేశాను. వియ్యపురాలు గుమ్మంలో కుర్చీ వేసుకుని పల్లీలు వొలుచుకుంటూ, పరీక్షకు చదివే పిల్లను చూసినట్టు నన్ను చూసేది.

కార్కసోన్ గుట్ట మీద ఉంది. దూరం నుంచి చూస్తే బురుజులన్నీ నల్లరాతి పలకల టోపీలు పెట్టుకుని ఒకేసారి మనవైపు తిరిగినట్టుంటాయి. దగ్గరికి వెళ్ళాక అసలు సంగతి తెలిసింది. కోటకు గోడలు రెండు. పెద్ద గోడ చుట్టూ ఇంకో గోడ, రెండింటి మధ్యా గడ్డి, మట్టి, గుర్రబ్బండి పోయేంత వెడల్పు దారి. చూడగానే నాకు పెద్ద గుడి ప్రాకారం గుర్తొచ్చింది. వాళ్ళు శత్రువుల కోసం కట్టుకున్నారట. నా కంటికి మాత్రం ప్రదక్షిణం చేయమని కట్టినట్టే కనిపించింది.

తూర్పు గుమ్మం దగ్గర అల్లుడు ఫోన్‌లో దారి చూసి, యల్లా, పదండి అంటూ కుడివైపు నడిచాడు. అలా పోతే కోట ఎడమచేతికి వస్తుంది. నేను కదల్లేదు. అప్రదక్షిణం నా వల్ల కాదన్నాను.

“అత్తమ్మా, ఇది గుడి కాదు. లోపలున్నది చర్చి,” అన్నాడు అల్లుడు.

“లోపల ఏ దేవుడున్నా సరే బాబూ, కుడిచేతి వైపే ఉండాలి.”

వాదన తెగలేదు. చివరికి వాళ్ళిద్దరూ అటు, మేమిద్దరం ఇటు బయల్దేరి, తిరిగి అదే గుమ్మం దగ్గర కలుసుకోవాలని తీర్మానం. అమ్మాయి వియ్యపురాలికి నా మీద కాపలా అప్పజెప్పింది. నేను ఎక్కడైనా కూర్చుంటే ఉన్నదున్నట్టు చెప్పాలని వాళ్ళత్తగారి దగ్గర మాట తీసుకుంది. ఆవిడ తల ఊపిన తీరు చూస్తే కోర్టులో సాక్షి కూడా అంత నిష్ఠగా ఊపడు.

మొదట బాగానే నడిచాను. చల్లగాలి, ఎండ, గోడల పగుళ్ళలో పసుపు పూలు. రెండో మలుపు తిరిగేసరికి ఎడమ మోకాలు మాట్లాడటం మొదలుపెట్టింది. నేల ఎగుడుదిగుడుగా ఉంది. మా వరండాలో ఈ సంగతి లేదు. ఒక బురుజు నీడలో ఆగి, గోడ కట్టుబడి పరిశీలిస్తున్నట్టు నిలబడ్డాను. వియ్యపురాలు కాసేపు గోడను, కాసేపు నా మొహాన్ని చూసింది. ఇంతలో వెనకనుంచి గంటల చప్పుడు. యాత్రికుల్ని తిప్పే గుర్రబ్బండి ఖాళీగా వస్తోంది. ఆవిడ కరీంనగర్‌లో షేరాటోను ఆపినట్టు చెయ్యెత్తింది. బండి ఆగింది.

“వదినె, కూసోవద్దన్నది గని బండెక్కొద్దన్నదా నీ బిడ్డ?”

షరతును మళ్ళీ అక్షరాలా తలుచుకున్నాను. బండి మాట అందులో లేదు. అయినా మాట మాటే కదా, ఎక్కి కూర్చోకుండా నిలబడతానన్నాను. బండి తోలే ఆమె ఒప్పుకోలేదు. ఫ్రెంచిలో ఏదో చెబుతూ బల్లను చేత్తో తట్టింది. ఆ దేశపు నియమాన్ని గౌరవించి కూర్చున్నాను. వియ్యపురాలు పక్కన దర్జాగా కాళ్ళు చాపి, తనకొచ్చిన హిందీలో గుర్రం వయసెంతని ఆమెను అడిగింది. ఆమె ఫ్రెంచిలో జవాబు చెప్పింది. ఇద్దరూ తృప్తి పడ్డారు. గుమ్మానికి ముందున్న మలుపులో దిగి, చీర సర్దుకుని, చివరి ముక్క తల పైకెత్తి నడిచాను.

వాళ్ళిద్దరూ అప్పటికే వచ్చి ఉన్నారు. అమ్మాయి నన్ను పాదాల నుంచి పైదాకా చూసి వాళ్ళత్తగారి వైపు తిరిగింది.

“నేను సూసిన. యాడ గూడ ఆగం కాలే, మంచిగొచ్చింది,” అంది సాక్షి.

నేను గెలిచాను. అమ్మాయి మొహం చిన్నబోయింది. అల్లుడు ఎవరూ అడక్కుండానే, తాము కూడా కోటంతా చుట్టొచ్చామని చెప్పాడు. వెనకవైపు గోడ ఎంత బాగుందో వర్ణించాడు. అతని చొక్కా మీద చక్కెర పొడి రాలి ఉంది.

అప్పుడు తట్టింది నాకు. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఎదురెదురుగా వచ్చే రైళ్ళ లెక్కలు చెప్పినదాన్ని. గుండ్రటి దారిలో ఇద్దరు చెరోవైపు బయల్దేరి పూర్తిగా తిరిగితే, మధ్యలో ఎక్కడో ఒకచోట ఎదురుపడి తీరాలి. మేం ఎదురుపడలేదు. నోరు మూసుకుని ఉంటే పోయేది. కానీ తప్పు లెక్క కళ్ళెదుట ఉంటే నా ప్రాణం ఊరుకోదు.

“మీరు మాకెక్కడా కనపడలేదే?” అన్నాను.

“మీరూ మాకు కనపడలేదు,” అంది అమ్మాయి. అని, ఆగింది. ఆ లెక్క ఆమె నేర్చుకున్నది నా క్లాసులోనే, ముందు బెంచీలో కూర్చుని. కళ్ళు నెమ్మదిగా నా కుచ్చిళ్ళ మీదికి దిగాయి. అక్కడ గుర్రబ్బండిలోని ఎండుగడ్డి పరక ఒకటి అంటుకుని ఉంది. నేను అల్లుడి చొక్కా వైపు చూశాను. అతను దులుపుకున్నాడు.

ఒకళ్ళనొకళ్ళు నిలదీసే హక్కు ఎవరికీ మిగల్లేదు. వాళ్ళు ఒక చిన్న గుమ్మంలోంచి ఊళ్ళోకి జారుకుని, ఏదో మిఠాయి తింటూ కూర్చున్నారని తర్వాత తెలిసింది. ఆ రాత్రి హోటల్లో మళ్ళీ షరతు రాసుకున్నంత పని చేశాం: రేపు పొద్దున్నే మళ్ళీ నడవాలి, అందరూ ఒకేవైపు, నా వైపు. వియ్యపురాలు మాత్రం ఒక కోటకు రెండుసార్లు తిరిగే మొక్కు తనకేమీ లేదని చెప్పి దుప్పటి కప్పుకుంది.

పొద్దున్నే అమ్మాయి తనంతట తానే కోట కుడిచేతికి వచ్చేలా నడిచింది. అల్లుడు ఫొటోలు తీసుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు. నిన్న బండి ఎక్కిన బురుజు దగ్గరికి వచ్చేసరికి నా మోకాలు ఇక ఒక్క మాటా వినలేదు. గోడ చూస్తున్నట్టు నిలబడ్డాను. అమ్మాయి అక్కడున్న రాయి మీద కూర్చుని బూట్లు విప్పింది. కొత్త బూట్లు, మడమలు కరిచేశాయి.

“నేను కూర్చుంటున్నాను. నువ్వు నిలబడే ఉండమ్మా,” అంది తల ఎత్తకుండా.

కాసేపు నిలబడ్డాను. తర్వాత ఆమె పక్కన కూర్చున్నాను. నా ఎడమ మోకాలి మీద చెయ్యి వేసింది. వాచిన సంగతి ఆ చెయ్యికి తెలిసిపోయింది.

“రెండూనా?” అంది.

“ఒక్కటే. ఎడమది. కుడిది ఇంకా నా మాట వింటోంది.”

“మరి తేదీ?”

“తేదీ నేను పెడతాను.”

ఆమె ఆలోచించింది. డాక్టరును ఒప్పించడం నా బాధ్యత అన్న షరతు మీద సరేనంది. అంతలో ముందున్న మలుపులోంచి గంటల చప్పుడు. నిన్నటి గుర్రబ్బండి ఈసారి మాకెదురుగా వస్తోంది, పూర్తి అప్రదక్షిణంగా. బండి మధ్యలో శాలువా కప్పుకుని మా వియ్యపురాలు ఒక్కతే కూర్చుని ఉంది. మా ముందు నుంచి పోతూ మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంది.

“కూసున్నవా వదినె? నేనైతే సూడలే.”