రెండో డిస్కు

హాల్లో ఒకసారి చూసేసిన సినిమానే ఇంకాస్త పొడిగించి, అట్టపెట్టెలో పెట్టి అమ్మితే కొనాలా వద్దా అని నన్ను అడిగినవాళ్లు వనపర్తిలో ఎవరూ లేరు. అడక్కపోయినా చెప్పే అలవాటు టీచర్లకు ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. మంత్రగాళ్లూ రెక్కల గుర్రాలూ మంచు కోటలూ ఉండే సినిమాలకే ఈ పొడుగు డీవీడీలు ఎక్కువగా వస్తాయి. కొత్తగా కలిపిన సీన్లలో సగం చూస్తే, మొదట వీటిని తీసేసినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది. ఒకడు గుర్రం దిగి నీళ్లు తాగుతాడు. ఇద్దరు చలిమంట దగ్గర కూర్చుని వాళ్ల తాతముత్తాతల గురించి మాట్లాడుకుంటారు. కథ అంగుళం కదలదు. మిగతా సగం మాత్రం నిజంగా బాగుంటుంది, దానికోసం డబ్బు పెట్టవచ్చు. అయితే నేను కొన్నది అందుకు కాదు. అంత పొడుగు సినిమా చూడటానికి ఎవరైనా వస్తే, అంతసేపూ నా గదిలో కూర్చోక తప్పదు కదా అని కొన్నాను.

అప్పుడు నేను పెద్దమందడి మండలంలో ఒక చిన్న ఊరి బడిలో టీచర్ని. ఆ బడికి టీచరూ నేనే, హెడ్మాస్టరూ నేనే, గంట కొట్టేదీ నేనే. సెలవు పెడితే బడికి తాళం పడుతుంది కాబట్టి సెలవు అడగాలంటే మండల విద్యాధికారి ఆఫీసులో ముఖాలు చూడాల్సి వచ్చేది. వనపర్తిలో ఒక మిద్దె మీద గది తీసుకున్నాను. కింద ఇంటి ఓనరు అవ్వ ఒక్కతే ఉండేది. రోజంతా పిల్లల మీద అరిచి వచ్చాక గదిలో గొంతు విప్పే అవసరం ఉండేది కాదు. కొన్ని ఆదివారాలు కూరగాయల బేరం తప్ప నా నోట్లోంచి ఒక్క మాట వచ్చేది కాదు. ఒంటరిగా ఉండటమే నాకు ఇష్టమని అందరికీ చెప్పేదాన్ని. అది పచ్చి అబద్ధం.

నాకున్న స్నేహితురాలు ఒక్కతే. నాగర్‌కర్నూల్లో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. గద్వాల నేతవాళ్ల అమ్మాయి, నోరు ఊరుకునేది కాదు. నేను పొడుగు డీవీడీ కొన్న సినిమాను తెలుగు డబ్బింగులో మేమిద్దరం అక్కడి హాల్లోనే చూశాం. బిజినేపల్లి వైపు పోయే ఆఖరి బస్సు జనానికి అందాలని ఆ హాలువాళ్లు పెద్ద సినిమాలకు అక్కడక్కడా కత్తెర వేసేవాళ్లు. ఒకసారి కోసిన రీలు అన్ని ఆటలకూ అంతే. ఆ సంగతి మాకు తెలియదు. సినిమా మొత్తం చూశామనే అనుకుని, అందులోని డైలాగులు నెల రోజులు హాస్టల్ మెస్సులో ఒకరికొకరం చెప్పుకున్నాం.

డిగ్రీ అయ్యాక ఆమెకు గద్వాలలోనే నేతపని చేసే ఇంట్లో పెళ్లయింది. ఇంట్లో గుంట మగ్గం. మగ్గం మీద భర్త కూర్చుంటే ఆమె పక్కన నూలు కండెలు చుట్టేది, ఆయన లేచినప్పుడు తనే గుంటలోకి దిగి నేసేది. చీర సమయానికి నూలిచ్చే సేటుకు చేరాలి. ఆ ఇంట్లో ఆదివారం అన్న మాటకు అర్థమే లేదు. మగ్గానికి సెలవు నెలకు ఒక్కరోజే, అమావాస్య నాడు. ఆ రోజు నేతవాళ్లు మగ్గం ముట్టరు. నాకేమో ఆదివారాలు. నా క్యాలెండరూ ఆమె క్యాలెండరూ కలిసేది ఎప్పుడో ఒకసారి.

హైదరాబాదుకు ట్రైనింగుకు వెళ్లినప్పుడు ఒక షాపులో ఈ సినిమా పొడుగు డీవీడీ కనిపించింది. పెట్టెలో సినిమాకే రెండు డిస్కులు, లోపల మడతపెట్టిన మ్యాపు ఒకటి. ఆ మ్యాపును నేను ఒక్కసారి తప్ప మళ్లీ విప్పలేదు, కాబట్టి దానికోసం ఎవరూ కొనకండి. టీవీ అప్పటికే ఉంది. ప్లేయర్ కొన్నాను. గద్వాలలో వాళ్ల పక్కనున్న కిరాణా షాపుకు ఫోన్ చేసి కబురు పెట్టాను.

ఎండాకాలం సెలవుల్లో ఒక అమావాస్య నాడు వచ్చింది. వస్తూనే చెప్పులు విడిచి, ఫ్యాన్ కింద కూలబడింది.

"మా అత్త ఒక్కతీరుగ తిట్టిందే. అమాస నాడు ఊరు దాటుతరా అన్నది. మగ్గం మీద కూసోని నాడు గూడ పోవద్దంటే ఇంగెన్నడు పోవాలె అన్న."

"ఏమన్నది మరి?"

"ఏమంటది? పొద్దుమూకే లోపల రమ్మన్నది."

డిస్కు పెట్టాను. ముసలి మంత్రగాడు నోరు తెరిచి ఇంగ్లీషులో మాట్లాడగానే ఆమె నా వైపు తిరిగింది.

"గిదేందే? ఈయన గొంతు గిట్లుండదు గదా."

పొడుగు డీవీడీలో తెలుగు లేదు. ఇది కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి, నాకు షాపులో ఎవరూ చెప్పలేదు. కాసేపు ముఖం ముడుచుకుని కూర్చుంది. తర్వాత తెలిసిన సీను రాగానే, మంత్రగాడు ఇంగ్లీషులో అంటున్న మాటలకు తనే తెలుగు చెప్పడం మొదలుపెట్టింది, హాల్లో విన్నది విన్నట్టు. నేను రాణి మాటలు అందుకున్నాను. కొత్త సీను వచ్చినప్పుడు మాత్రం ఇద్దరికీ పాఠం రాదు. అప్పుడు నేను కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి, నా బడి తెలుగులో చెప్పేదాన్ని.

"నీ మంత్రగాడు సోషల్ పాఠం జెప్తున్నట్లుందే," అని పడీపడీ నవ్వింది.

మధ్యలో ఇంకో తమాషా. కోట తలుపులు విరిగే యుద్ధం మేమెప్పుడూ చూడలేదు. పొడిగించిన సీను అనుకుని తెగ మెచ్చుకున్నాం. పెట్టె వెనక రాసింది చదివితే అది మామూలు సినిమాలోనే ఉందట, మా హాలువాళ్ల కత్తెరకు పోయింది. "ఆ బస్సు మీద మన్ను పడ. యుద్ధమంత మింగింది గదే," అన్నది. ఆ రోజంత నవ్వు నేను ఆ గదిలో అంతకుముందు నవ్వలేదు. అవ్వ కిందినుంచి పైకి వచ్చి, ఏమైందని చూసి పోయింది.

మొదటి డిస్కు అయ్యేసరికి బస్సు వేళయింది. రెండోది ఆమె లేకుండా పెట్టనని మాటిచ్చాను. ఆమె అడగలేదు, నేనే ఇచ్చాను.

తర్వాత బడులు తెరిచారు. అమావాస్య ఒక నెల మంగళవారం వచ్చింది, ఒక నెల గురువారం వచ్చింది. ఇంకోసారి ఆమె అత్తకు జ్వరం. పెట్టె టీవీ పక్కనే ఉండేది. చాలా సాయంత్రాలు ఆ రెండో డిస్కు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. ఒక్కదాన్నే చూసేస్తే ఇక ఆమె రావడానికి కారణం ఉండదని భయం. ఇప్పుడు తలుచుకుంటే చిన్నపిల్లల మొండితనంలా ఉంది కానీ, అప్పుడు నాకు ఎదురుచూడటానికి అది తప్ప ఇంకేమీ లేదు.

కార్తీకం చివర్లో క్యాలెండర్‌లో అమావాస్య ఆదివారం పడింది. ఎగిరి గంతేశాను. షాపుకు ఫోన్ చేసి, ఆదివారం అమావాస్యకు తప్పకుండా రమ్మనండి అని చెప్పాను. షాపతను ఆదివారం మాట వదిలేసి, ఆమెతో అమాసకు రమ్మన్నదని చెప్పాడు. ఆమెకు అంతకంటే అక్కర్లేదు కూడా. శనివారం సాయంత్రం బడి నుంచి బస్సు దిగి, రేపటికి వంకాయలూ కొత్తిమీరా కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి అవ్వ మెట్ల దగ్గరే నిలబడి ఉంది.

"నీ దోస్తు వచ్చిపోయింది టీచరమ్మా."

"ఇయ్యాలనా అవ్వా? అమావాస్య రేపు గదా."

"మధ్యాహ్నంకెల్లి అమాస వచ్చిందంట. వాళ్లింట్ల పెద్దలకు పెడ్తరు గద, మధ్యాహ్నం అమాస ఉన్న దినమే పట్టుకుంటరు. ఆ పని అత్తకు ఒప్పజెప్పి వచ్చిందంట. మగ్గం ఇయ్యాలనే ఆపిన్రంట. రేపు మల్ల నేస్తరంట."

క్యాలెండర్‌వాడు సూర్యోదయానికి ఏ తిథి ఉంటే అదే వేస్తాడు. నేతవాళ్ల ఇంట్లో పెద్దలు మధ్యాహ్నం చూస్తారు. ఈ తేడా తెలియని మనిషిని కాను. మా ఇంట్లో కూడా అంతే. ఆదివారం కలిసిందన్న సంబరంలో ఆ ఆలోచనే రాలేదు.

"ఎంతసేపున్నది?"

"శానా సేపు. లోపలికి రా బిడ్డా అంటే రాలే. గా మెట్టు మీదనే కూసున్నది. నాలుగింటి బస్సుకు పోయింది."

ఆ వంకాయలు నేను వండలేదు. ఆదివారం పొద్దున్నుంచి తలుపు వేసుకుని పడుకున్నాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

తర్వాతి నెలలోనే కబురు వచ్చింది, వాళ్లు మహారాష్ట్రలోని భివండి పోతున్నారని. అక్కడ మరమగ్గాల మీద ఆమె భర్తకు పని దొరికింది. నేను ఆదివారం పొద్దున్నే పెట్టె సంచిలో పెట్టుకుని బయలుదేరాను. ఇటిక్యాల దగ్గర బస్సు చెడిపోతే రోడ్డు మీద నిలబడి ఇంకో బస్సు ఎక్కి గద్వాల చేరేసరికి మధ్యాహ్నమైంది. మగ్గం విప్పేశారు. దాని కొయ్యలు గోడకు ఆనించి ఉన్నాయి. కాళ్లు పెట్టే గుంట ఖాళీగా ఉంటే ప్రమాదమని దాని మీద పలకలు పరిచారు. మేమిద్దరం ఆ పలకల మీదే కూర్చున్నాం.

పెట్టె ఆమె చేతిలో పెట్టాను. "నువ్వే ఉంచుకో. అక్కడ ఎవరింట్లోనైనా చూడొచ్చు."

అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేసింది. "నాకు గా ఇంగ్లీషు ఏం సమజైతది? పక్కన నువ్వుంటేనే ఇది సినిమా. వద్దు గాని, కథ జెప్పు. అందరు గంటెలు గిన్నెలు సర్దుతుండ్రు, నన్నెవరు పిలువరు. ఆ రెండోదాంట్ల కొత్తయి ఏమేమున్నయి? మొదటికెల్లి జెప్పు."

కాళ్లు మడుచుకుని, గోడకు ఆనుకుని, వినడానికి సిద్ధంగా కూర్చుంది.

"నేను చూడలేదు," అన్నాను.

"ఇంతవరకు చూడలే?"

"నీతోని చూద్దామని."

"ఓ పిచ్చిదానా," అన్నది మెల్లగా. "చూసుంటే ఇయ్యాల జెప్తుంటివి గదా."

లోపలినుంచి ఆమె అత్త తాడు ఎక్కడ పెట్టినవని కేకేసింది. ఆమె లేచి పోయింది. నేను పలకల మీద ఇంకాసేపు కూర్చున్నాను. ఆ కొత్త సీన్లు చూసి ఉంటే, తాడు ఇచ్చి వచ్చి ఆ మధ్యాహ్నమంతా ఆమె నా పక్కనే కూర్చునేది.