డ్రైవరు వాటా

ముందు పోయినవన్నీ రాస్తాను. తడిసి గడ్డకట్టిన సిమెంటు యాభై ఎనిమిది బస్తాలు, బస్తా మూడు వందల నలభై చొప్పున పంతొమ్మిది వేల ఏడు వందల ఇరవై. వాగులోంచి బండిని లాగిన క్రేనుకు, నరసరావుపేట దాకా కట్టి లాక్కొచ్చినందుకు పదహారు వేల ఐదు వందలు. ఇంజను సామాన్లు లక్షా పన్నెండు వేల నాలుగు వందలు. టర్బో ముప్పై ఒక్క వేలు. క్రాంకు సాన పట్టించినందుకు తొమ్మిది వేల ఐదు వందలు. మేస్త్రి కూలి ఇరవై ఎనిమిది వేలు. ఆయిలు, ఫిల్టర్లు పదకొండు వేల ఆరు వందలు. లోపలి బురద కడగడానికే ఒకసారి ఆయిలు పోసి తీసేశాం. సెల్ఫ్ మోటారు, వైర్లు నాలుగు వేల ఎనిమిది వందల నలభై. బండి నిలబడిన నలభై ఒక్క రోజులకు, రోజుకు పదిహేను వందలు మిగిలేదనుకుంటే అరవై ఒక్క వేల ఐదు వందలు. మొత్తం రెండు లక్షల తొంభై ఐదు వేల అరవై రూపాయలు. బీమా నుంచి వచ్చింది సున్నా. ఇంజనులోకి నీళ్ళు పోయిన నష్టం మా పాలసీలో లేదు. దానికి విడిగా కట్టాలి. నేను కట్టలేదు.

ఇందులో ఇంజను వరకు ఇంచుమించు రెండు లక్షలు. అందులో నాలుగో వంతు నా డ్రైవరు చేత కట్టించాను. అది ఆయన కట్టాల్సింది కాదు.

నేను పదో తరగతితో బడి మానేశాను. వడ్డీ లెక్కలు, చీటీ లెక్కలు, పొలం కొలతలు సొంతంగా నేర్చుకున్నాను. మా వైపు తగాదా వస్తే ఇద్దరి చేతా చెరి కొంత ధరావత్తు కట్టించుకుని పెద్దమనుషులు కూర్చుంటారు. మాటలు వాళ్ళు తేలుస్తారు. అంకెల దగ్గరికి వచ్చేసరికి నన్ను పిలుస్తారు. నేను చెప్పిన అంకెను మళ్ళీ కూడి చూసేవాళ్ళు లేరు.

డ్రైవరు మాచవరం వైపు మనిషి. నాకంటే ఆరేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకుని బావా అంటే బావా అనుకునేవాళ్ళం. పదకొండేళ్ళు నా లారీ తోలాడు. నాకున్నది ఆ ఒక్క లారీయే.

ఆ రోజు దాచేపల్లిలో మూడు వందల అరవై బస్తాలు ఎక్కించుకుని మాచర్ల వైపు బయలుదేరాడు. రెండు రోజుల నుంచి వాన. మధ్యాహ్నం మూడు దాటాక ఫోన్ చేశాడు.

"బావా, చప్టా మీద వాగు పారతంది. ఆగుతున్నా."

"రాయి మీద ఎంత చూపిస్తంది?" అని అడిగాను. చప్టా పక్కన అడుగుల గీతలు వేసిన రాళ్ళు ఉంటాయి.

"మూడు దాటింది. మూడున్నర లోపే."

మా బండికి ఇంజను గాలి పీల్చుకునే గొట్టం క్యాబిన్ వెనక నిలువుగా ఉంటుంది. దాని నోరు నేల నుంచి ఏడు అడుగుల రెండు అంగుళాలు. కొన్న వారంలోనే టేపు పెట్టి కొలిచి రాసుకున్నాను.

"మూడున్నరకీ ఏడుకీ సగానికి సగం తేడా ఉంది. ఏంది బావా భయం?"

"లెక్క నీది బాగానే ఉంది. నీళ్ళు ఎర్రగా ఉన్నయ్యి. మనసు ఒప్పట్లా."

"ఆరింటికి గోడౌను మూస్తారు. ఈపాటికి చానా బళ్ళు దాటుంటయ్యి."

"దాటినోణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూళ్ళా. ఇంట్లో కూచుని నువ్వు చూశావా?" అని నవ్వాడు. "సరే, నీ లెక్క మీద దిగుతున్నా."

చప్టా నడిమధ్యలో ఇంజను ఆగిపోయింది. నీళ్ళ తోపుకు బండి వెనక భాగం పక్కకు జరగడం మొదలైంది. ఆయన ఒకే ఒక్కసారి సెల్ఫ్ కొట్టాడు. టక్కుమని శబ్దం వచ్చింది, ఇంజను కదల్లేదు. కిటికీలోంచి క్యాబిన్ పైకి ఎక్కి కూర్చుంటే, అవతలి గట్టున ట్రాక్టరు వాళ్ళు తాడు విసిరి లాగారు. నేను వెళ్ళేసరికి గట్టు మీద తడి బట్టలతో గొంతుకూర్చుని ఉన్నాడు. బండికేసి చూస్తున్నాడు. నేను కూడా బండికేసే చూశాను. దెబ్బ తగిలిందా అని ఆయన్ను అడిగిన గుర్తు లేదు.

నరసరావుపేట మేస్త్రి మాటకు ముందు కొలత తీసుకునే మనిషి. మొదట బ్యాటరీ వైరు ఊడదీసి, "ఎవరూ తాళం ముట్టుకోవద్దు" అన్నాడు. డిప్‌స్టిక్ లాగితే ఆయిలు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. నాజిళ్ళు నాలుగూ విప్పి, ఇంజన్ని రాడ్డుతో చేత్తో తిప్పించాడు. రెండు రంధ్రాల్లోంచి ఎర్రనీళ్ళు ఎగిరి షెడ్డు రేకుకు కొట్టుకున్నాయి. హెడ్డు దించాక ఒక్కో పిస్టన్నీ పైదాకా తెచ్చి స్కేలు పెట్టి చూశాడు. రెండు సరిగ్గా పైకి వచ్చాయి. ఒకటి నాలుగు మిల్లీమీటర్లు, ఇంకొకటి రెండున్నర మిల్లీమీటర్లు కిందే ఆగిపోయాయి.

"గాలిని నొక్కొచ్చు, నీళ్ళను నొక్కలేం గదండీ. పిస్టను నీళ్ళకి గుద్దుకుంది, కింద దాన్ని మోసే రాడ్డు వంగింది. రెండు లక్షల దాకా పెట్టుకోండి" అన్నాడు.

ఆ వారంలోనే లారీ స్టాండులో పంచాయితీ పెట్టించాను. చెరి రెండు వేలు ధరావత్తు కట్టాం. ముగ్గురు పెద్దమనుషులు, చుట్టూ ఓనర్లు, డ్రైవర్లు ఓ పాతికమంది. మేస్త్రిని పిలవాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

"ఆగిన బండికి సెల్ఫ్ కొట్టావా లేదా, అది చెప్పు" అన్నాడు పెద్దాయన.

"ఒక్కసారి కొట్టా. బండి కొట్టుకుపోతా ఉంటే సెల్ఫ్ కొట్టక దణ్ణం పెట్టమంటారా?"

కొందరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. "నీళ్ళలో ఆగిన బండికి సెల్ఫ్ కొడితే ఇంజను పోద్దని నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్నోడిక్కూడా తెలుసు గదయ్యా."

"వాగులో దిగమందెవరో కూడా అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. "దిగమన్నాను. సెల్ఫ్ కొట్టమన్లా" అన్నాను.

"అయితే అంకె నువ్వే చెప్పబ్బాయ్" అన్నాడు పెద్దాయన. తగాదాలో ఒక పక్కన ఉన్నవాణ్ణే లెక్క చెప్పమంటున్నామని ఆయనకు తట్టలేదు. అలవాటు అట్లాంటిది.

చెప్పాను. దిగమన్నందుకు సగం నాది, సెల్ఫ్ కొట్టినందుకు సగం ఆయనది. పదకొండేళ్ళు పనిచేశాడు కనుక ఆయన సగంలో మళ్ళీ సగం నేను వదులుకుంటాను. మిగిలింది నాలుగో వంతు, యాభై వేలు. నెలకు నాలుగు వేల చొప్పున జీతంలో కోత. చాలా ధర్మంగా ఉందన్నారు.

"బావ లెక్క చెప్పాక ఇంకేముంది" అన్నాడు ఆయన. ధరావత్తు రెండు వేలు తిరిగిస్తే లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.

రెండు వారాల తర్వాత మేస్త్రి ఒకసారి వచ్చిపొమ్మని ఫోన్ చేశాడు. బల్ల మీద వంగిన రాడ్లు రెండూ పెట్టి ఉన్నాయి.

"చూడండి, ఎంత వంగిందో. సెల్ఫ్ మోటారుకి ఇంత బలం ఎక్కడిది? ఇది ఇంజను జోరు మీద తిరుగుతా ఉండగా వంగింది. మీ డ్రైవరు సెల్ఫ్ కొట్టేటప్పటికే అయిపోయింది."

"గొట్టం నోటి దాకా నీళ్ళు రాలేదు గదా?" అన్నాను.

"నోటి దాకా ఎందుకండీ?" అని ఒక రబ్బరు హోసు నా ముందు పెట్టాడు. ఫిల్టరు నుంచి టర్బోకి గాలి వెళ్ళే హోసు అది. బండి మీద నాలుగు అడుగుల ఎత్తు లోపే ఉంటుంది. బండి ముందుకు తోస్తుంటే లేచే అలకు తేలిగ్గా అందుతుంది. ఒక పక్క జానెడు చీలిక, దాని మీద పాత ట్యూబు ముక్క చుట్టి బైండింగు తీగతో కట్టిన కట్టు. విప్పితే లోపల ఎర్రమట్టి. "ఈ కట్టు ఎవరు కట్టారు?"

నేనే కట్టాను. వాగుకు ఆరు నెలల ముందు డ్రైవరు ఆ హోసు మార్పించమని అడిగాడు. కొత్తది పద్దెనిమిది వందల యాభై. వచ్చే ట్రిప్పులో చూద్దాం అన్నాను. తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాడు. ఏడు అడుగుల రెండు అంగుళాలు రాసుకున్నానే గాని, ఈ కట్టు ఎంత ఎత్తులో ఉందో నేను కొలవలేదు.

"ఆయనకి చెప్పండి. బండి ఎట్లా ఉందని రోజూ ఫోన్ చేస్తున్నాడు" అన్నాడు మేస్త్రి.

చెప్పలేదు. పాతికమందిలో నా లెక్క తప్పని ఒప్పుకుంటే, ఇన్నేళ్ళుగా నేను తేల్చిన అంకెలన్నీ మళ్ళీ విప్పుతారని భయపడ్డాను. జీతం పెంచి సరిచేద్దామనుకున్నాను. పెంచలేదు. నెలనెలా నాలుగు వేలు కోశాను. కోటప్పకొండ తిరునాళ్ళ నెలలో కొండకు వాళ్ళ ఊరు కట్టే ప్రభకు చందా ఇవ్వాలి, ఈ ఒక్క నెల ఆపమన్నాడు. లెక్క తప్పుతుంది బావా అన్నాను.

స్టాండులో కుర్ర డ్రైవర్లు ఆయన్ను వదల్లేదు. "ఏం మావా, లోడుకా, ఈతకా?" అనేవాళ్ళు. ఆయన ఇంకో ఓనరును పని అడిగితే, సెల్ఫ్ కొట్టినోడు మాకొద్దన్నాడట. తొమ్మిది కోతలయ్యాక పదో నెలలో మా ఇంటికొచ్చి, బల్ల మీద తాళాలు, పక్కన పద్నాలుగు వేలు పెట్టాడు. గేదెను అమ్మాడట.

"యాభైకి సరిపోయిందా? చూసుకో" అన్నాడు. సరిపోయింది. నేను తీసుకున్నాను.

మొదటి కోతకు రెండేళ్ళు నిండిన నెలలో ఆయన్ను వెతుక్కుంటూ వెళ్ళాను. దాచేపల్లి దగ్గర నాపరాళ్ళ ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా ఉన్నాడు. నూటికి రూపాయిన్నర వడ్డీ కట్టి అరవై మూడు వేల తొమ్మిది వందల యాభై కవరులో పెట్టుకుని పోయాను. హోసు సంగతి మొదటి నుంచి చెప్పాను. ఆయన గేటు పక్క రాతి మీద కూర్చుని విన్నాడు.

"మేస్త్రి నాకు చెప్పాడు" అన్నాడు. "ఇంజను బాగుచేసి బండి ఇచ్చిన వారంలోనే."

"మరి అడగలేదేం బావా?"

"నువ్వే చెప్తావని చూశా."

"ఎన్నాళ్ళు?"

"తోలినన్నాళ్ళూ."

కవరు ఆయన ఒళ్ళో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "పదిమందిలో వేశావు నా మీద. పదిమందిలో తియ్యి. ఇక్కడ ఇస్తే ఎవురు చూశారు, ఈ రాళ్ళా? డబ్బుల కోసం కాదులే. నా కొడుకు కూడా నేనే బండి పాడుచేశాననుకుంటున్నాడు."

అప్పటి నుంచి ఏడాది. పంచాయితీ మళ్ళీ కూర్చోబెట్టమని అడగడానికి పెద్దాయన ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ మిర్చి ధర మాట్లాడి, టీ తాగి వచ్చాను. ఆ ముగ్గురు పెద్దమనుషుల్లో ఒకాయన ఈ మధ్యే పోయాడు. కవరు బీరువాలో ఉంది. నెల తిరిగినప్పుడల్లా దాంట్లో ఏడు వందల యాభై కలుపుతున్నాను.

మొదటి కోతకు ఈ నెలతో ముప్పై ఆరు నెలలు. అసలు యాభై వేలు. వడ్డీ ఇరవై రెండు వేల తొమ్మిది వందల యాభై. ఈ రోజుకు బాకీ డెబ్బై రెండు వేల తొమ్మిది వందల యాభై రూపాయలు.