జైనూర్‌లో ఆగిన స్క్రూ

మూడు రోజులుగా సుమిత్ర వాళ్ల ఫోన్ స్విచాఫ్ వస్తోంది. పదమూడేళ్ల ఆ పిల్ల గ్రహణమొర్రితో పుట్టింది. పెదవి, అంగిలి చిన్నప్పుడే కుట్టారు గానీ, పైదవడ ఎముక ఎదగక ముఖం మధ్యలో లోపలికి పోయింది. కరీంనగర్‌లో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రిలోనే ఆ ఎముకను కోసి, నోట్లో చిన్న పరికరం బిగించారు. పొద్దునా సాయంత్రం దాని స్క్రూ కాస్త తిప్పితే దవడ ముందుకు జరుగుతుంది, ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. తిప్పడం ఆపితే ఉన్నచోటే అతుక్కుపోతుంది. ఎలా తిప్పాలో తల్లికి నేర్పి పంపింది నేనే. సెలవు పెట్టి జైనూర్ దగ్గర వాళ్ల ఊరికి బయల్దేరాను.

ఉదయం ఆరింటికి మంచిర్యాల బస్సు. ఆడవాళ్లకు ఉచితంగా జీరో టికెట్టు ఇస్తారు కాబట్టి సీటు దొరకడమే కష్టం. సుల్తానాబాద్‌లో ఒక ముసలామె ఎక్కి నా పక్కన కూర్చుని, నా ముఖంలోకి చూసింది.

"నీది గ్రహణమొర్రేనా బిడ్డా? పెండ్లయిందా?"

"కాలే అవ్వా."

ఆమె పెద్దపల్లిలో దిగిపోయింది.

ఎనిమిదిన్నరకు మంచిర్యాల. అక్కడ గోడవైపు తిరిగి ఇడ్లీ తిన్నాను. నా పైదవడ కూడా ఎదగలేదు, పళ్లు ఒకదానిమీద ఒకటి కూర్చోవు, తింటుంటే జనం చూస్తారు. ఆసిఫాబాద్‌లో బస్సు మారి, కెరమెరి ఘాట్ ఎక్కి జైనూర్ చేరేసరికి పన్నెండున్నర. "నాలుగింటి బస్సు పోతే మల్ల దొరకది మేడం" అన్నాడు కండక్టర్. అక్కడినుంచి ఆటోలో ఇరవై నిమిషాలు.

నన్ను చూడగానే సుమిత్ర తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. "స్క్రూ ముట్టంగనే బిడ్డ ఏడుస్తది. నా చేతులాడతలేవు. మీరు తిడ్తరని ఫోన్ బంద్ వెట్టిన."

నేను తిట్టలేదు. చేతులు కడుక్కుని, స్క్రూ తిప్పే చిన్న తాళంచెవి తీశాను. సుమిత్ర నోరు తెరవకుండా నన్నే చూస్తోంది.

"నువ్వెందుకు చేయించుకోలే అక్కా? పెద్దోళ్లకు చెయ్యరా?"

"చేస్తరు."

"మరి?"

"ఇంటికాడ తిప్పెటోళ్లు ఉండాలె గద" అని నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. తాళంచెవి నా చేతిలోంచి తీసుకుంది.

"అద్దముంటే సాలక్కా. నేనే తిప్పుకుంట."

తల్లి అద్దం పట్టుకుంది, నేను టార్చి వేశాను. మొదటిసారి స్క్రూ కదల్లేదు. అతుక్కుపోయిందేమోనని టార్చి ఇంకా దగ్గరికి పెట్టి చూశాను. రెండోసారి, చెంపలమీద నీళ్లు కారుతుండగానే, తిప్పేసింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, కదిలింది కాబట్టి ఫికర్ లేదు, ఎప్పట్లాగే తిప్పుకోమనండి, సోమవారం ఎక్స్‌రే తీద్దాం అన్నారు.

నాలుగింటి బస్సు దొరికింది. జైనూర్ వెళ్లేవాళ్లు మధ్యాహ్నంలోపే పని చూసుకోవడం మంచిది. బస్సులో పట్టుమని పదిమంది లేరు, నా పక్క సీటు ఖాళీ. ఎందరో తల్లులకు స్క్రూ తిప్పడం నేర్పాను గానీ, నా సంగతి ఏ డాక్టరునూ అడగలేదు. ఘాట్ దిగి సిగ్నల్ మళ్లీ వచ్చాక డాక్టరుకు ఒక మెసేజ్ రాసి, చెరిపి, మళ్లీ రాశాను. సోమవారం సుమిత్రతో పాటు నాక్కూడా ఒక ఎక్స్‌రే తీయండి, సార్.

ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరేటప్పుడు వెంట ఉండేవాళ్ల పేరు రాయమంటారు. ఆ గడి ఖాళీగా వదిలేసి కింద నేనే సంతకం పెడతాను. స్క్రూ తిప్పుకోవడానికి ఇంట్లో అద్దముంది.