సంతకాల సిస్టరు పెట్టిన ఫిర్యాదు

సంతకాల సిస్టరుకి ఊళ్లో మరెవరికీ లేని జబ్బొకటి ఉంది. ఆవిడకి నోటిమాట పడదు. కొందరికి దుమ్ము పడదు, కొందరికి వంకాయ పడదు, ఆవిడకి కాగితం మీద లేని మాట పడదు. ఎవరేం చెప్పినా "మంచిదండీ, రాసివ్వండి" అంటుంది. రాసిస్తే "కింద సంతకం?" అంటుంది. సంతకం పెడితే "తేదీ?" అంటుంది. తేదీ కూడా పడ్డాక గాని ఆవిడ ప్రాణం కుదుటపడదు.

ఈ సంగతి కొత్త డాక్టరుకి తెలియదు. పాపం, ఆయనకెవరూ రాసివ్వలేదు.

ఆ క్లినిక్ బస్టాండు వెనక వీధిలో, టైర్ల కొట్టుకీ స్టేషనరీ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. స్టేషనరీ కొట్టు సిస్టరు చలవ వల్లే నడుస్తోందని వీధిలో చెప్పుకుంటారు. డాక్టరు మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తాడు. మిగతా రోజులు రోగుల్ని చూసేది సిస్టరే. చట్టం అందుకు ఒప్పుకుంటుంది గాని ఒక షరతు పెట్టింది. ఏ వైద్యం ఆవిడ సొంతంగా చెయ్యొచ్చో, ఏది డాక్టరుని అడిగే చెయ్యాలో ఇద్దరూ కూర్చుని ఒప్పందం రాసుకోవాలి. గీత దాటితే లైసెన్సుకే ముప్పు. వేరేచోట్ల ఆ ఒప్పందం బీరువాలో దుమ్ము కొట్టుకుపోతుంది. ఇక్కడ అది తొమ్మిది పేజీలు, ఇరవై నాలుగు అంశాలు. సిస్టరుకి మొత్తం కంఠతా వచ్చు.

కొత్త డాక్టరు మొదటిరోజు వచ్చీ రాగానే పెన్ను తీసి చివరి పేజీ తిప్పాడు.

"చదివారా?" అంది సిస్టరు.

"ఆ, చూశాన్లెండి."

"చదవకుండా పెట్టిన సంతకం నాకు చెల్లదు డాక్టరుగారూ. కూర్చోండి, నేనే చదువుతాను."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదలుపెట్టింది. నాలుగో అంశానికి డాక్టరు ఆవలించాడు. తొమ్మిదో అంశానికి చెయ్యి గడ్డం కిందికి చేరింది. పదో అంశం దగ్గర ఆవిడ ఆగి, "ఊపిరాడని వాళ్లకి చేసే ఈ ఇంజెక్షను ఉంది చూడండి, పాత డాక్టరుగారు దీన్ని 'అడిగి చెయ్యవలసినవి' జాబితాలో పెట్టారు. నేను సొంతంగా చెయ్యగలిగేవాటిలోకి మారిస్తే బాగుంటుంది" అంది.

"తర్వాత చూద్దాం సిస్టర్" అన్నాడు డాక్టరు, సగం నిద్రలో.

చదవడం పూర్తయ్యాక ఆవిడ "పన్నెండో అంశంలో ఏముంది?" అని అడిగింది. అయిదేళ్లు వైద్యం చదివి, మరో మూడేళ్లు పై చదువు చదివి, గోల్డ్ మెడల్ పుచ్చుకున్న మనిషి, ఆ పరీక్ష మాత్రం తప్పాడు. మళ్లీ శుక్రవారం రాసి, అదే, చెప్పి, ప్యాసయ్యాడు. అప్పటిగ్గాని ఆవిడ సంతకం పెట్టనివ్వలేదు.

పన్నెండో అంశంలో ఉన్నదిది. డాక్టరుని అడగవలసిన పని పడితే సిస్టరు అయిదేసి నిమిషాల తేడాతో మూడుసార్లు ఫోను చెయ్యాలి. పదమూడోది దానికి తోకలాంటిది. మూడుసార్లకీ డాక్టరు దొరక్కపోతే, తన బదులు ఇంకో డాక్టరుని చూపించి ఉండకపోతే, తప్పు డాక్టరుది. పై అధికారులు ఆ క్లినిక్ ఆయన చేతుల్లోంచి తీసేస్తారు.

ఓసారి సిస్టరు భర్త డాక్టరుని భోజనానికి పిలిచాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. మాట నెమ్మది, నవ్వు మెత్తన. వంటింటి గోడ మీద ఒక కాగితం అతికించి ఉంది. 'ఆయన సొంతంగా చెయ్యగలిగేవి: టీ కాచడం, కూరగాయలు తరగడం, పాలు పొంగకుండా చూడడం. నన్ను అడిగి చెయ్యవలసినవి: ఉప్పు వెయ్యడం.' కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

"ఎన్నాళ్లయిందండీ ఇది?" అన్నాడు డాక్టరు.

"పెళ్లయిన రెండోవారం నుంచి బాబూ. ఒక్కసారి ఉప్పు ఎక్కువైంది. ఏటా కొత్తగా సంతకం పెడతాం."

"మీకు విసుగెయ్యదా?"

పెద్దాయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "ఇంతవరకూ మా ఇంట్లో 'నువ్వే అన్నావు, నేననలేదు' అనే గొడవ రాలేదు బాబూ" అన్నాడు.

డాక్టరుకి మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. ఫోనులో ఆయనేం చెప్పినా సిస్టరు మళ్లీ ఆయనకే అప్పజెప్పి, "అవునా?" అని అడిగి, రాసుకుని, మర్నాటిలోగా సంతకానికి వచ్చేసేది. కూరగాయల మార్కెట్లో సంతకం. పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగా సంతకం. ఒకనాడు మంగలి షాపులో మొహం నిండా నురగతో ఉంటే అద్దంలో సిస్టరు ప్రత్యక్షమైంది.

"గడ్డం అయ్యేదాకా ఆగలేరా సిస్టర్?"

"సంతకానికున్న ఇరవై నాలుగు గంటల గడువు ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది డాక్టరుగారూ."

మంగలి కత్తి ఎత్తి పట్టుకుని మర్యాదగా పక్కకి జరిగాడు. సంతకం పక్కన నురగ బొట్టొకటి పడింది. సిస్టరు దాని చుట్టూ సున్నా చుట్టి, 'ఇది మందు కాదు, గడ్డం సబ్బు' అని రాసి, అక్కడ కూడా ఒక సంతకం పెట్టించుకుంది.

ఆ దెబ్బతో డాక్టరు ఒక నిర్ణయానికొచ్చాడు. ఆ తర్వాత ఒక బుధవారం క్షవరానికి కూర్చుంటూ ఫోను పూర్తిగా ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. "హమ్మయ్య, ఇవాళ ప్రశాంతంగా కానీ" అన్నాడు మంగలితో. బదులుగా ఇంకో డాక్టరు పేరు చెప్పి ఉంచాలన్న ఆలోచనే ఆయనకి రాలేదు.

తలకి కుడివైపు పూర్తయింది. ఎడమవైపు మొదలుపెట్టబోతుండగా ఆటో డ్రైవరు ఒకడు పరుగున వచ్చి, "సార్, సిస్టరుగారు రమ్మంటున్నారు. ఒక పాపని తేనెటీగ కుట్టింది" అన్నాడు.

ఆయన మెడకున్న గుడ్డతోనే వెళ్లాడు. క్లినిక్‌లో బల్ల మీద ఆరేళ్ల పిల్ల పడుకుని ఉంది. మొహం వాచిపోయింది గాని ఊపిరి ఆడుతోంది. పెదవులకి రంగు తిరిగొస్తోంది. పక్కన తండ్రి గోడకి ఆనుకుని, చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. సిస్టరు ఒక చేత్తో పిల్ల నాడి పట్టుకుని, రెండో చేత్తో రాస్తోంది.

"ఇంజెక్షను చేశారా?" అన్నాడు డాక్టరు.

"చేశాను. పది గంటల పదకొండు నిమిషాలకి."

"నన్ను అడగకుండా?"

"అడగకుండానే" అంది సిస్టరు. ఆవిడ గొంతు అంత చిన్నదవడం ఆయన ఎప్పుడూ వినలేదు.

సగం క్షవరంతోనే డాక్టరు పిల్లని అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. సాయంత్రానికి పిల్ల లేచి కూర్చుని, డాక్టరు తల వంక చూసి కిలకిలా నవ్వింది. ఆయన తేలికైన మనసుతో క్లినిక్‌కి తిరిగొచ్చాడు.

"సిస్టర్, ఆ కాగితం ఇటివ్వండి. పది గంటల పది నిమిషాలకి నేను ఫోనులో చెయ్యమన్నానని రాసేస్తాను. మీ లైసెన్సుకి ఏ గొడవా ఉండదు."

"ఆ టైముకి మీరు చెప్పలేదు డాక్టరుగారూ."

"ఫోను కలిసుంటే చెయ్యమనే అనేవాణ్ణి కదా!"

"అనలేదుగా" అని సిస్టరు కాగితం సొరుగులో పెట్టి తాళం వేసింది. ఆవిడ దగ్గర తన పప్పులుడకవని డాక్టరుకి తెలుసు. ఎంత మొండి మనిషమ్మా అనుకుంటూ ఇంటికెళ్లాడు.

వారం తిరక్కుండా ఆరోగ్యశాఖ నుంచి విచారణకి ఒక అధికారిణి వచ్చింది. ఫిర్యాదు అందిందంది. డాక్టరుకి అది తన మీదేననిపించింది. ఫోను ఆపేసిన సంగతి మంగలి చెప్పేసి ఉంటాడనుకున్నాడు.

"ఎవరి మీదండీ ఫిర్యాదు?"

"ఈ సిస్టరు మీద."

"ఎవరిచ్చారు?"

అధికారిణి కాగితం తిప్పి చూసి, కళ్లజోడు సవరించుకుంది. "ఈ సిస్టరే."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. తన మీద తనే ఫిర్యాదు! రెండు పేజీలు, సంతకం, తేదీ!

"ఇంకో రెండేళ్లలో రిటైరవుతున్నారు. దీనికి మీ లైసెన్సు పోవచ్చని తెలుసా?" అంది అధికారిణి.

"తెలుసండీ."

"డాక్టరుగారికి ఒకసారి ఫోను చేశానని రాశారు. ఏమైంది?"

"కలవలేదండీ."

"మూడుసార్లు చెయ్యాలి కదా?"

"చెయ్యలేదండీ. తప్పు నాది."

"పిల్లకి ఊపిరాడనప్పుడు పావుగంట ఆగలేరు, అది అర్థమైంది. ఇంజెక్షను చేశాకైనా ఇంకో రెండుసార్లు చెయ్యొచ్చుగా?"

"ఆటోలో మనిషిని పంపానండీ."

"పోనీ, చేసి ఉంటే కలిసేదా?"

సిస్టరు చేతులు కట్టుకుని, "చెయ్యని ఫోను గురించి నేను రాయలేనండీ" అంది.

డాక్టరుకి అప్పుడు వెలిగింది. మూడుసార్లు చేసి ఉంటే పదమూడో అంశం తన మెడకి చుట్టుకునేది. ఒక్కసారితో ఆపి, సిస్టరు తప్పంతా పన్నెండో అంశంలోనే, సొంత పేరు మీదే ఉంచేసుకుంది. ఒక్క అబద్ధం రాయలేదు. పదో అంశం మార్చమని మొదటిరోజే అడిగానన్న మాటా రాయలేదు. తను ఎవరి నుంచి తప్పించుకుందామని ఫోను ఆపేశాడో, ఆ మనిషి తనని కాపాడుతూ ఎదురుగా నిలబడి ఉంది. ఆయనకి సిగ్గేసింది. ఆ వెంటనే, ఎందుకో, ఆవిణ్ణి మా అమ్మ అనుకోవాలనిపించింది.

ఆయన లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఎన్నిసార్లు చేసినా నా ఫోను కలిసేది కాదు. సిస్టరు సంతకం కోసం వెంటబడతారని ఆపేశాను. ఆ ఇంజెక్షను మార్చమని ఆవిడ మొదటిరోజే అడిగారు. నేను తర్వాత చూద్దామన్నాను."

"డాక్టరుగారూ, నోటిమాట..." అంది సిస్టరు కంగారుగా.

"చెల్లదు. తెలుసు. పెన్నిలా ఇవ్వండి, రాసిస్తాను."

రాశాడు. సంతకం పెట్టాడు. ఎవరూ అడక్కుండానే తేదీ కూడా వేశాడు.

"తప్పు నాదంటే నాదని ఇద్దరు పోట్లాడుకున్న విచారణ నా సర్వీసులో ఇదే" అంది అధికారిణి. ఇద్దరికీ చెరో హెచ్చరిక కాగితం ఇచ్చి, ఒప్పందం మూడు రోజుల్లో మార్చాలని చెప్పి వెళ్లిపోయింది. హెచ్చరిక అందుకుంటూ సిస్టరు, "దీని మీద ముద్ర పడలేదండీ" అని ఆవిణ్ణి వాకిలి దగ్గర ఆపి, ముద్ర వేయించుకుంది.

శుక్రవారం డాక్టరు కొత్త పేజీ తనే రాసుకొచ్చాడు. 'ఊపిరాడని వాళ్లకి సిస్టరు ముందు ఇంజెక్షను చేసి, తర్వాత ఫోను చెయ్యవచ్చు. డాక్టరు దొరకనప్పుడు పెద్దాసుపత్రి డాక్టరుని అడగవచ్చు. క్షవరం సమయంలో డాక్టరు ఫోను మంగలి చేతిలో ఉండాలి.' దాని కింద మంగలి సంతకం కూడా ఉంది.

సిస్టరు కాగితం అందుకుని, కళ్లజోడు వెతుక్కోకుండానే టక్కున సంతకం పెట్టేసింది.

డాక్టరు నోరు తెరిచాడు. "అదేమిటి సిస్టర్, చదవరా?"

"మీరు రాసిందేగా."

"ఠాఠ్, వీల్లేదు. చదవకుండా పెట్టిన సంతకం నాకు చెల్లదు. కూర్చోండి, నేనే చదువుతాను."

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని, మొదటి నుంచి చివరిదాకా పెద్దగా చదివాడు. చదివి తల ఎత్తేసరికి సిస్టరు చెయ్యి గడ్డం కింద పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. దొరికిపోయిందిరా అనుకుని, సంబరంగా అడిగాడు. "సిస్టర్! ఇప్పుడు చెప్పండి, మూడో వాక్యంలో ఏముంది?"

ఆవిడ కళ్లు తెరవలేదు. "క్షవరం సమయంలో డాక్టరు ఫోను మంగలి చేతిలో ఉండాలి" అంది. "కింద తేదీ వెయ్యలేదు మీరు."